మావయ్య తిప్పిన తూర్పు గోడ

ఇంజనీరింగ్ పూర్తిచేసి, విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ల సైటులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, కృష్ణా జిల్లాలో ప్రతి ఇల్లూ నన్నడిగే కడతారని నా నమ్మకం. మా ఇల్లే నన్నడక్కుండా తిరిగిపోతుందని అప్పటికి తెలియదు. ఉయ్యూరులో నాన్న మొదలుపెట్టిన ఆ ఇంటికి కొలతలు తీసి ముగ్గు పోయించింది నేను, మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూసింది నేను. అమ్మ మాత్రం ముగ్గులో వంటగది వచ్చే చోట నిలబడి, రెండు చేతులూ చాచి ఒక చుట్టు తిరిగింది. పెళ్లైనప్పటి నుంచి అద్దె వాటాల్లో, ఒకరు లోపలుంటే ఇంకొకరు గుమ్మంలో ఆగాల్సిన వంటిళ్లలో వండిన మనిషి. "చాల్లే, నాకిది చాలు" అంది.

ఒక ఆదివారం బస్సు దిగి వెళ్లేసరికి తూర్పు వైపు పునాది గోడ వంకరగా ఉంది. కొంచెం కాదు, ఎవరి కళ్లకైనా కనిపించేంత. వంటగది దగ్గర లోపలికి నొక్కుకుపోయి, ఈశాన్యం మూల బయటికి పొడుచుకొచ్చింది. మేస్త్రీని అడిగితే, "మీ మావయ్యగారు తిప్పమన్నారండీ" అన్నాడు. మావయ్య అంటే అమ్మకి అన్న. చుట్టాల్లో ఎవరు ఇల్లు కట్టినా, పిలిచినా పిలవకపోయినా, వచ్చి దిక్కులు చూసే మనిషి. (చెప్పులు విప్పి మరీ చూస్తాడు.) సెల్‌ఫోన్‌లో దిక్సూచి పెట్టి, మా ఇల్లు దిక్కు తప్పిందని తేల్చాడట. ఇల్లంతా తిప్పడం కుదరదు గనక సింహద్వారం వచ్చే గోడనైనా తిప్పుదామని నాన్న మధ్యేమార్గం కనిపెట్టారు. పునాదికి మధ్యేమార్గమేమిటి? నాకు ఒళ్లు మండిపోయింది.

"నాన్నా, ఇలా కడితే గదుల మూలలు కలవవు. వంటగదిలో గట్టు కట్టాక అమ్మ నిలబడ్డానికి చోటుండదు" అన్నాను. "మీ మావయ్య మన మంచికే చెప్తాడు కదమ్మా" అన్నారు నాన్న. మరి నన్ను అంత చదివించింది దేనికి, గోడలు తడపడానికా? అమ్మ వచ్చి ఆ వంకర గోడ పక్కన నిలబడి మళ్లీ చేతులు చాచింది. ఈసారి ఒక చెయ్యి గోడ అవతలికి వెళ్లిపోయింది. చేతులు దించేసి, "పోనీలే, సర్దుకుంటాను" అంది. ఆ మాటే నేను తట్టుకోలేకపోయాను.

మావయ్య కూడా అక్కడే ఉన్నాడు. "మావయ్యా, ఆ దిక్కులు ఇంకోసారి చూపించండి" అన్నాను. ఆయన చెప్పులు విప్పి, ఫోను అరచేతిలో పెట్టుకుని, "చూడు, ఉత్తరం ఎక్కడుందో" అన్నాడు. ఫోనుకి పుస్తకం అట్టలా మూసే కవరుంది, మూత టప్పున అతుక్కునే రకం. "అందులో అయస్కాంతం ఉంటుందండీ. కవరు తీసి చూడండి" అన్నాను. తీశాడు. ముల్లు నింపాదిగా తిరిగి, నేను ముగ్గు పోయించిన దిక్కుకే వెళ్లి ఆగింది. మావయ్య చెప్పులు తొడుక్కుంటూ, "ఈ కవరు మీ అత్త కొన్నదిలే" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "మరి ముందే చెప్పొచ్చుగా అమ్మా" అన్నారు.

గోడ విప్పించి తిన్నగా కట్టించాం. ఈశాన్యంలో బయటికొచ్చిన ముక్కని మాత్రం మావయ్య పడగొట్టనివ్వలేదు. ఈశాన్యం పెరిగితే ఇంటికి మంచిదట. అదే తర్వాత అరుగైంది. గృహప్రవేశం నాడు ఆయన దాని మీదే కూర్చుని, పునాదిలో తప్పు తనే పట్టుకుని సరిచేయించానని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఆ కోపంలో నేను పరమాన్నం కూడా ముట్టుకోలేదు. ఇప్పటికీ వెళ్లినప్పుడల్లా ఆ కథ అక్కడే కూర్చుని చెప్తుంటాడు. లోపల అమ్మ, చేతులు బార్లా చాపినా ఏదీ తగలని వంటగదిలో, మా ఇద్దరికీ కాఫీ కలుపుతుంటుంది. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంటుంది. కాకపోతే ఇప్పుడు, "కాస్త జరగండి మావయ్యా" అని ఆ వంకర అరుగు మీదే ఆయన పక్కన కూర్చుంటున్నాను.