మామ మూయని డబ్బా

రేడియో మామ పోయాడన్న కబురు నాకు సెల్‌ఫోన్‌లో చేరింది. మొదటి అన్యాయం అక్కడే జరిగింది. మామకు సెల్‌ఫోన్ అంటే ఒళ్లుమంట. "ఎనక ఒక్క స్క్రూ గూడ కనవడది. అతికిచ్చి అమ్ముతున్నరు. గిది వస్తువా, మూటనా?" అనేవాడు. ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఫోన్ చేసి, "మీ మామ పోయిండు బిడ్డా. పొద్దుగాల దుకాణంల కుర్చీలనే ఒరిగిండు" అంది. చేతిలో టెస్టర్ అలాగే ఉందట. నేను కామారెడ్డి బస్టాండులో ఉన్నాను. బస్సెక్కి కూర్చుని, లింగంపేట దాటేదాకా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆలోచించాను. జాబితా పొడుగ్గానే తేలింది. దాని చివర నేను కూడా ఉన్నాను.

మామ నాకు చుట్టం కాదు. మా ఇంటి ఎదురు దుకాణం ఆయనది, అంతే. ఆ వీధిలో పుట్టిన పిల్లలందరికీ మామే. మొదట రేడియోలు బాగుచేశాడు. రేడియోలు మూగబోతే టీవీలు పట్టుకున్నాడు. టీవీలు పలచబడి గోడలెక్కాక, చెడిపోయినదాన్ని బాగుచేయించుకోవడం నామోషీ అని లోకం తీర్మానించింది. ఆ తీర్మానానికి మామను ఎవరూ పిలవలేదు. ఆయన చిన్న ఇంజన్ల మీద పడ్డాడు. వాగులోంచి చేలకు నీళ్లు తోడే కిరోసిన్ ఇంజన్లు, పైరుకు మందు కొట్టే తైవాన్ పంపులు. "పెట్రోలు, గాలి, నిప్పు. ఇంజన్ల ఉన్నయి గీ మూడే. మోసం జేసేది ఎప్పుడు జూడు నిప్పే" అనేవాడు.

పాత ఇంజన్లలో ప్లగ్గుకు నిప్పు అందించేవి రెండు చిన్న లోహపు పాయింట్లు. తడిస్తే అలుగుతాయి, అరిగితే చస్తాయి. కొత్త ఇంజన్లలో వాటికి బదులు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ వచ్చింది. మంచిదే. కాని దాన్ని నల్లటి ముద్దలో పోతపోసి పంపుతారు. చెడితే పారెయ్యాలి, అంతే. అలాంటి ముద్ద మొదటిసారి చేతికొచ్చిన రోజు మామ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, అడుగున చూశాడు. స్క్రూ దొరకలేదు. బల్ల మీద పెట్టి తీర్పు చెప్పాడు: "మూసినోడు దొంగ."

ఆ కోపంతోనే సొంతంగా సర్క్యూట్ కట్టడం మొదలుపెట్టాడు. అది రెండువేల పదకొండు. నేను కామారెడ్డిలో ఇంజనీరింగ్ చదువుతూ, రోజూ బస్సులో తిరుగుతూ, లోకంలో నాకు తెలియనిది లేదని నమ్ముతున్న రోజులు. పాత ఫ్యాన్ కండెన్సర్ ఒకటి, చచ్చిన టీవీలోంచి పీకిన డయోడ్లు, మూడు కాళ్ల ముక్క ఒకటి. కండెన్సర్ కరెంటును దాచిపెట్టుకుంటుంది. ఇంజన్ చక్రానికి అతికించిన అయస్కాంతం తీగచుట్ట ముందునుంచి పోగానే మూడు కాళ్లది తలుపు తీస్తుంది. దాచిన కరెంటంతా ఒక్క ఉదుటున కాయిల్లోకి దూకుతుంది. ప్లగ్గులో నిప్పు. నేను నోట్సులో నాలుగు పేజీలు రాసుకున్న సంగతి ఇది. మామ ఒక్క మాటలో చెప్పాడు: "కొంగుల దాసుకున్నది ఒక్కపారి ఇసిరికొట్టుడు."

పరీక్ష కూడా ఆయన పద్ధతిలోనే. ప్లగ్గు ఊడదీసి, ఇంజన్ ఒంటికి ఆనించి, తాడు లాగుతాడు. పసుపుపచ్చటి నిప్పు వస్తే పెదవి విరుస్తాడు. నీలం నిప్పు టప్పుమంటే తల ఊపుతాడు. ఆ తర్వాత, "పట్టు అల్లుడా, నీ సదువు ఎంత దూరమొచ్చిందో సూద్దాం" అంటాడు. పట్టుకున్నాను. చదువు మోచేతి దాకా వచ్చింది.

సర్క్యూట్‌ను అద్దంలా లోపలంతా కనిపించే మిఠాయి డబ్బాలో పెట్టాడు. లోపల ఒక కాయితం మడిచి పెట్టాడు. దాని మీద బొమ్మ, ఏ తీగ ఎక్కడికి పోతుందో రాత. ఎవరైనా మూత తీసి చూసుకోవచ్చు. "మా డబ్బాల దాపరికం లేదు" అని మురిసిపోయాడు.

మొదటి డబ్బా గాంధారి దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక అక్కకు. వాగు ఒడ్డున ఆమెకు ఎకరం మక్కజొన్న. కంకి పాలు పోసుకునే వేళకు ఇంజన్ ఆగింది.

"కామారెడ్డిల ఇంజన్లమ్మే షావుకారు దగ్గరికి పోయిన అన్నా. గీ ఇంజన్‌కు సామాను వస్తలేదు, కొత్తది కొనుక్కో అన్నడు. కొత్తది కొనేదాక మక్క ఆగుతదా?"

"మక్క ఆగదు. షావుకారు ఆగుతడు" అన్నాడు మామ.

ఇద్దరం మోపెడ్ మీద పోయి బిగించి వచ్చాం. నీళ్లు పారాయి. నాలుగో రోజు అక్క ఆటో దిగింది, చేతిలో డబ్బాతో. "అన్నా, నీ డబ్బాల చీమలు కాపురం వెట్టినయి." తుడిచి ఇచ్చాడు. మళ్లీ మూడో నాటికి వచ్చింది. ఈసారి వాగు చెమ్మ. "అన్నా, చేను బెట్టకొచ్చింది" అంది, డబ్బా వైపు కాకుండా మామ ముఖం వైపు చూస్తూ. మామ ఆరబెట్టాడు, ఊదాడు, గొణిగాడు. మూసెయ్ మామా అన్నాను. నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

డబ్బా తండాలో ఇంజన్‌కు బిగించి రమ్మని నన్ను పంపాడు. ఇప్పుడు నా ఘనకార్యం వినండి. నా సంచిలో కామారెడ్డిలో కొన్న నల్ల గమ్ము ఉంది. రెండు పాళ్లు కలిపి పోస్తే రాయి అవుతుంది. పోశాను. కాయితంతో సహా. గట్టిపడేదాకా వాగు ఒడ్డున కూర్చుని, బిగించి, తాడు లాగాను. ఇంజన్ పాట పాడింది. ఆ మక్క దక్కింది. ఈ మాట నా వైపు సాక్ష్యంగా ముందే చెప్పి పెడుతున్నాను.

వారం తర్వాత మామ నన్ను వెంటబెట్టుకుని చూడటానికి పోయాడు. ఇంజన్ నడుస్తోంది. నల్ల ముద్ద మీద చెయ్యి పెట్టాడు.

"నా కాయితమేది?"

"లోపల్నే ఉంది మామా."

"లోపలుంటే ఎవనికి?"

"ఇంజన్ నడుస్తున్నది గద!"

"నడుస్తది. ఆగిననాడు?" అని, ముద్దను గోటితో గీకి, "కంపెనోడు మూస్తె దొంగ అన్న. నిన్నేమనాలె?" అన్నాడు.

రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఎదురింటి మనిషి, నలభై అడుగుల దూరం.

ఒకనాడు వీధి దాటేలా కేక: "అల్లుడా, ఇటు రా!" బల్ల మీద కొత్త మిఠాయి డబ్బా. లోపల ఒక మూల దోమతెర గుడ్డలో చిన్న మూట. మూటలో పచ్చటి బియ్యం.

"ఏంది మామా, పెండ్లా?"

"బియ్యం చెమ్మ గుంజుతది. పసుపు జూస్తె చీమ రాదు. నువ్వు ముద్దజేసినవు. నేను అక్షింతలు ఏసిన. మూయకుంట గూడ కాపాడొచ్చురా" అన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీ మొత్తాన్ని ఓడించిన మనిషి ఇంకెంత గర్వపడాలి? పాత లుంగీతో డబ్బా తుడిచి ఊరుకున్నాడు.

దాన్ని తీసుకుని తండాకు పోయాడు. అక్క దండం పెట్టింది. "నడుస్తున్నదాన్ని ఎందుకు ముట్టుడన్నా" అంది. తిరిగొచ్చి, డబ్బా మీద "తండా చెల్లెది" అని రాసి, దుకాణంలో మేకుకు తగిలించాడు. ఏటేటా మూట విప్పి బియ్యం మార్చేవాడు.

మొన్న దినానికి పోతే ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టి ఉంది. మామ ఫొటో అరచేయంత. కింద షావుకారు దుకాణం పేరు మామ కంటే పెద్దది. ఆ సామాను దొరకదన్న షావుకారే. "ఆత్మకు శాంతి కలగాలి" అట. కలగదు. మామ ఆత్మ నాకు తెలుసు, ఆ ఫ్లెక్సీకి వెనకాల స్క్రూ ఎక్కడుందో వెతుకుతూ ఉంటుంది. బతికున్నప్పుడు "పాత సామాన్ల పిచ్చోడు" అన్నవాళ్లంతా ఆ రోజు వరసగా నిలబడి "గొప్ప పనిమంతుడు" అన్నారు. అన్నం తిని, చేతులు కడుక్కుని, పోయారు.

వాళ్లు పోయాక తండా అక్క వచ్చింది. మామ పోయిన సంగతి ఆమెకు తెలియదు. చేతిలో నా నల్ల ముద్ద ఉంది. మూడేళ్లు నడిచి ఆగిపోయింది. "అన్నేడి?" అంది. చెప్పాను. దుకాణం అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే ముద్దను నా చేతిలో పెట్టింది. "ఇది నువ్వే జేసినవు గద తమ్మీ. ఇప్పు."

సుత్తి, ఉలి పట్టుకున్నాను. గంటసేపు కొట్టాను. కండెన్సర్ పగిలింది, మూడు కాళ్లదానికి ఒక కాలే మిగిలింది. కాయితం గోటి ముక్కలుగా రాలింది. నాలుగేళ్ల చదువు, డిగ్రీ పట్టా, అన్నీ కలిసి ఆ ముద్ద ముందు మోకరిల్లాయి. ఆ రోజు నా కోపం జాబితాలో నా పేరు చివరి నుంచి మొదటికి వచ్చింది.

మేకు మీది డబ్బా తీసుకుని తండాకు పోయాం. మూత తీసి కాయితం విప్పాను. తీగల బొమ్మ కింద మామ రాత: "ఆగితే భయపడకు. తెరువు. ఏ తీగ ఊడిందో చూడు." అక్కకు చదివి వినిపించాను. ఎర్ర తీగ ఎక్కడో, నల్ల తీగ ఎక్కడో ఆమెకు చూపించాను. బిగించింది నేను కాదు, ఆమే. తాడు లాగింది కూడా ఆమే. రెండో గుంజుకు ఇంజన్ అందుకుంది. వాగు నీళ్లు పైపులోంచి మక్కలోకి దుమికాయి.

అక్క డబ్బా మీదికి వంగి మూతలోంచి చూసింది. నేనూ చూశాను. ఇంజన్ దడకు దోమతెర మూటలో పచ్చటి బియ్యపు గింజలు ఒక్కటొక్కటే ఎగిరి పడుతున్నాయి.