నిలవ నీళ్ళు

కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ వాసన ఎక్కువగా వస్తే ఇప్పటికీ బకెట్ దగ్గర నిలబడిపోతాను.

చిన్నప్పుడు ఏలూరులో మా ఇంట్లో అక్వేరియం ఉండేది. "మాస్టారూ, కుళాయి నీళ్ళు తిన్నగా పోసేయకండి. బ్లీచింగ్ విరిగేలా ఈ మందు నాలుగు చుక్కలు కలపండి, లేదంటే ఒకరోజు నిలవ ఉంచండి" అని చేపలమ్మినాయన నాన్నకి సీసా ఇచ్చాడు. సీసా అయిపోయాక, నీళ్ళు మార్చే ముందురోజే నాన్న బకెట్ నింపి ఉంచేవారు.

ఒక పొద్దున మడిబట్టతో వచ్చిన మామ్మ ఆ బకెట్ ఒంపేసింది. "నిన్నటి నీళ్ళు మనం తాగుతామా? నోరులేనివాటికి మాత్రం ఎందుకే, పాపం!" అంటూ తాజా నీళ్ళు పట్టి తొట్టెలో పోసింది.

చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఆకలేమో అనుకుని మేత వేశాను. ముట్టలేదు.

నాన్న వచ్చి చూసి గబగబా ఆ నీళ్ళు తోడేశారు. "నిలవ నీళ్ళేమైనా ఉన్నాయా అమ్మా?" అని నన్నడిగారు. బిందెలు, చెంబులు, గంగాళం అన్నీ వెతికాను. మా ఇంట్లో ప్రతి చుక్కా ఆ పొద్దున పట్టిందే.

నాలుగు చేపలూ మా ముగ్గురి కళ్ళముందే పక్కకి ఒరిగిపోయాయి.

మామ్మతో చాన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. మాకు పోసే నీళ్ళే వాటికీ పోసిందని అప్పుడు తోచలేదు. ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం బకెట్ నింపి ఖాళీ తొట్టె పక్కన పెట్టేది.

"చేపలే లేవుగా!" అని విసుక్కుంటే, "ఉండనీవే" అనేది.