పిన్ని తోట అమ్మిన డబ్బు

పిన్ని బాగన్ దాతుక్ అనే ఊళ్ళోని కొబ్బరితోట అమ్మేసి ఆ డబ్బు నా చేతిలో పెడుతూ రెండే మాటలు చెప్పింది. ఖర్చులకు నెల నెలా కొంత రావాలి. అసలు మాత్రం కదలకూడదు, అది ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్‌కి. చిన్నాన్న పోయాక తోట చూసుకునే ఓపిక ఆవిడకు లేకపోయింది. కౌలాలంపూర్‌లో ఆఫీసు ఉద్యోగం చేస్తూ షేర్ల గురించి గొప్పగా మాట్లాడేది మా ఇంట్లో నేనొక్కదాన్నే, పైగా అక్క కూతుర్ని. ఇంకెవరిని నమ్ముతుంది?

డబ్బంతా అమెరికా మార్కెట్లోని కవర్డ్ కాల్ ఈటీఎఫ్ అనే ఒక రకం షేర్ల ఫండ్‌లో పెట్టాను. అక్కడి పన్ను పోగా కూడా నెల నెలా బ్యాంకు వడ్డీ కంటే ఎంతో ఎక్కువ వచ్చేది. "ఇదెలాగ వస్తాది తల్లీ?" అని పిన్ని మొదట్లోనే అడిగింది. "కంపెనీల లాభాలు పిన్నీ, నీకు తెలవదులే" అన్నాను. నలభై ఏళ్ళు తోట నడిపిన మనిషితో అన్న మాట అది. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

డబ్బు పడినప్పుడల్లా ఫోన్ చేసేది. "పడింది తల్లీ. నువ్వు సల్లగుండాల." పెళ్ళిళ్ళలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అందరికీ చూపించేది. నేను మురిసిపోయేదాన్ని. అసలు తరుగుతోందని రెండో ఏడే నాకు తెలుసు. మార్కెట్ పడినప్పుడు ఆ ఫండూ పడింది, మార్కెట్ లేచినప్పుడు మాత్రం సగంలోనే ఆగిపోయింది. చెబితే ఆ ఫోన్లు ఆగిపోతాయని చెప్పలేదు. పుంజుకుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా సొంత డబ్బు మాత్రం అందులో ఒక్క రింగిట్ కూడా పెట్టలేదు. అది మామూలు ఇండెక్స్ ఫండ్‌లో హాయిగా పెరుగుతోంది.

పోయిన సంవత్సరం పిన్ని, "ఇంక నడవలేకపోతన్నాను, ఆపరేషన్ సేయించుకుంటాను, డబ్బు తీసియ్యి" అంది. ఫోన్లో చెప్పే ధైర్యం లేక కారేసుకుని వెళ్ళాను. కుర్చీలో కూర్చుని కొబ్బరి తురుముతోంది. అసలులో మూడో వంతు లేదని చెప్పాను.

"ఎవులు తీసుకున్నారు?" అంది.

అప్పుడు, మొదటిసారి, ఉన్నదున్నట్టు చెప్పాను. మన షేర్ల ధర పెరిగితే ఆ పెరిగింది తమకే దక్కాలని వేరేవాళ్ళు ముందుగానే కొంత డబ్బిస్తారు. నెల నెలా నీకొచ్చింది చాలావరకు అదే. పెరిగితే వాళ్ళది, పడితే మనది.

పిన్ని కొంచెం కూడా తడుముకోలేదు. "మీ సిన్నాన్న తౌకేకి కాయలు ముందే ఇచ్చేసినట్టు గదే," అంది. తౌకే అంటే అక్కడ కాయలు కొనే వ్యాపారి. "కాయ సెట్టు మీద ఉండగానే అడ్వాన్సు తీసుకునీవోడు. రేటు పెరిగితే తౌకేకి, తోటకి పురుగు పడితే మాకు. రెండేళ్ళు సూసి నేనే మానిపించినాను. ఇలాగని అప్పుడే సెప్పుంటే వద్దనేదాన్ని గదా తల్లీ."

 కొబ్బరి చిప్ప పక్కన పెట్టి మళ్ళీ ఆవిడే అడిగింది.

"నీ డబ్బూ అందులోనే ఏసినావేటి?"

లేదని చెప్పాలి. "ఏసినాను పిన్నీ," అన్నాను.

ఆవిడ ముఖం మారిపోయింది. కొబ్బరి తడి ఆరని చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో, నీక్కూడా పోయిందా. పిల్లల సదువులున్నదానివి. నా మోకాళ్ళకేటిలే, గవర్మెంటాసుపత్రిలో పేరు రాయించుకుంటాను. ఎప్పుడో పిలుస్తారు."

ఇంటికొచ్చి ఆ ఫండ్ అమ్మేసి, మిగిలింది ఆవిడ ఖాతాలో వేశాను. చివరి నెల డబ్బు కూడా పడింది. ఆ రోజు పిన్ని ఫోన్ చేయలేదు. అందులో సగం నాకు పంపింది, పిల్లల ఫీజుకని.

ఆపరేషన్‌కి తక్కువైంది ఇవ్వడానికి నా దగ్గర డబ్బుంది. ఇస్తే ఎక్కడిదని అడుగుతుంది. ఆవిడ పంపిన సగం కూడా ఇంకా నా దగ్గరే ఉంది. ఆసుపత్రి నుంచి పిలుపు రాలేదు. పిన్ని గోడ పట్టుకుని నడుస్తూనే ఉంది, ఫోన్ చేసినప్పుడల్లా నా నష్టం ఎంతవరకు పూడిందని అడుగుతూనే ఉంది.