బోర్డుల బాబు, కొర్రమేను

ఆ రోజుల్లో నాకు గోడలంటే గొప్ప నమ్మకం. ఏ మంచిమాటైనా పెద్దక్షరాలతో రాయించి గోడకు తగిలిస్తే చాలు, దాని కింద నడిచే మనుషులు వాళ్ళంతట వాళ్ళే బాగుపడిపోతారనుకునేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్ళయి ఉంటుంది. ఆసుపత్రుల నిర్వహణ మీద హైదరాబాదులో రెండేళ్ళు చదివి, ఏలూరులో ముప్ఫై పడకల ఆసుపత్రికి మేనేజరుగా చేరాను. మాది తాడేపల్లిగూడెం. నాన్నకు ఉల్లిపాయల హోల్‌సేలు కొట్టు. ఇంటిల్లిపాదీ శాకాహారులం, చేపల మార్కెట్టు వీధి అడ్డమొస్తే ఊరంతా చుట్టి వెళ్ళే రకం. అలాంటి ఇంట్లోంచి మెళ్ళో టై, చంకలో ఫైలు పెట్టుకుని, ఒక సంస్థకు సంస్కృతి నేర్పుదామని బయల్దేరాను. (సంస్కృతి అనేది అక్కడ అప్పటికే ఉందేమోనన్న అనుమానం నాకు పొరపాటున కూడా రాలేదు.)

మొదటి నెలలోనే పదకొండు బోర్డులు రాయించాను. 'చిరునవ్వే మన మొదటి మందు' అని ఒకటి. అది ఎక్స్‌రే గది ముందు తగిలించాను, అక్కడ ఎవరూ నవ్వేవారు కారు. 'మనమంతా ఒకే కుటుంబం' అని ఇంకొకటి. సిబ్బంది నాకు 'బోర్డుల బాబు' అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసినప్పుడు నేను దాన్ని బిరుదనుకుని ఇంటికి ఉత్తరం కూడా రాశాను. ఆసుపత్రి పెద్ద డాక్టరుగారిది. ఆయన ఆపరేషన్లు తప్ప మరో లోకం ఎరగరు. ఏం అడిగినా "చెయ్యవయ్యా, చూద్దాం" అనేవారు. చూసింది మాత్రం మేట్రనమ్మగారు. మిషను ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరై మా దగ్గర చేరిన మనిషి. రోజూ పొద్దున్నే చర్చికి వెళ్ళి, అటునుంచి అటే డ్యూటీకి వచ్చేవారు. కొత్త బోర్డు పెట్టినప్పుడల్లా దాని ముందు నిలబడి, మొదటి అక్షరం నుంచి పెయింటరు సంతకం దాకా చదివి "బావుందండీ" అని వెళ్ళిపోయేవారు. ఆ "బావుందండీ"లో ఏముందో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

పదకొండిట్లోనూ నాకు ప్రాణమైన బోర్డు రిసెప్షను పక్కనుండేది. 'రోగుల నుండి, వారి బంధువుల నుండి ఎటువంటి కానుకలు స్వీకరించబడవు.' దానికి కారణం లేకపోలేదు. వార్డుల్లో చేతులు చాపుతున్నారని ఫిర్యాదులొచ్చాయి. జబ్బు నిజమే. నా మందే కాస్త మొరటుది.

కొల్లేటి లంకల్లోంచి మా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవాడు. బాతుల్ని పెంచుతాడు కనక అందరూ బాతుల తాత అనేవారు. షుగరు ముదిరి కాలికి పుండు పడితే, పెద్ద డాక్టరుగారు రెండు వేళ్ళు తీసేసి కాలు నిలబెట్టారు. ఇంటికి పంపేటప్పుడు, మూడు రోజులకోసారి వచ్చి కట్టు మార్పించుకోవాలని మరీ మరీ చెప్పారు. తాత రెండోసారి వచ్చినప్పుడు చేతిలో స్టీలు బిందె, దాని మూతికి తడిగుడ్డ. లోపలేదో టపటపా కొట్టుకుంటోంది.

"పెద్ద డాక్టరుగారికండీ. కొర్రమేను. పొద్దుటే వలలో పడింది, బతికే ఉందండీ" అన్నాడు.

పాతికమంది కూర్చుని ఉన్న హాల్లో నేనాయన మోచెయ్యి పట్టుకుని బోర్డు దగ్గరికి నడిపించాను. ఆయనకు చదువు రాదని తెలిసి, అందరికీ వినపడేలా నేనే చదివి వినిపించాను. "తాతగారూ, రూలు ఎవరికైనా ఒకటేనండీ. కలెక్టరుగారు తెచ్చినా ఇంతే" అని కూడా అన్నాను. (కలెక్టరుగారు కొర్రమేను ఎందుకు తెస్తారో నాకిప్పటికీ తెలీదు.) తాత బోర్డు వైపు కాసేపు చూశాడు. "అలాగేనండి బాబూ" అని, బిందె ఎత్తుకుని, కట్టు మార్పించుకోకుండానే కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నిబంధన విజయవంతంగా అమలైందని ఆ సాయంత్రం ఫైల్లో రాసుకున్నాను. కట్టు సంగతి రాసుకోలేదు.

తొమ్మిది రోజుల తరవాత పెద్ద డాక్టరుగారు నా గదిలోకొచ్చారు. ఆయన నా గదిలోకి రావడం అదే మొదలు.

"ఏవయ్యా, బాతుల తాత ఏడి? మూడు కట్లు తప్పాయి. ఆ పుండు కుళ్ళిందంటే మోకాలి దాకా తీసెయ్యాలి."

వెనకే వచ్చిన మేట్రనమ్మగారు మెల్లిగా అన్నారు. "చేపని పంపేశారు కదండీ. చేపతోపాటు ఆయనా వెళ్ళిపోయారు."

కోపంగా అన్నా బావుండేది. రమ్మని ఉత్తరం రాస్తానన్నాను. "ఉత్తరం చేరేలోపు కాలు పోతుంది" అన్నారు డాక్టరుగారు. అయితే నేనే వెళ్ళి తీసుకొస్తానన్నాను. నాలో లోపాలు వెయ్యి ఉండొచ్చు గాని, పట్టుకుంటే వదలని గుణం మాత్రం మా నాన్న పోలిక. పాడైన సరుకు అంటగట్టాడని ఒక వ్యాపారి కోసం రైల్లో షోలాపూరు దాకా వెళ్ళొచ్చిన మనిషాయన.

మర్నాడు మేట్రనమ్మగారు కూడా బయల్దేరారు. "మీకు దోనె ఎక్కడం రాదు కదండీ" అన్నారు. నిజమే, రాదు. ఆ ఏడు వానలకి లంకకి పోయే రోడ్డు మునిగిపోయి ఉంది. బస్సు దిగి తాటిదోనెలో కూర్చున్నాను. తాటిచెట్టుని నిలువునా చీల్చి తొలిచిన ఆ దోనెలో దగ్గడానిక్కూడా ధైర్యం చాలలేదు. దోనె నడిపే ఆయన వెనక్కి తిరిగి "కదలకండి బాబూ, ఆ మెడగుడ్డ నీళ్ళల్లో తడుస్తోంది, తీసుకోండి" అన్నాడు. టై లోపల దోపుకున్నాను గాని తీసెయ్యలేదు. హోదా ముఖ్యం కదా.

తాత అరుగు మీద మంచంలో పడుకుని ఉన్నాడు. కాలికి పాత లుంగీ ముక్క చుట్టి ఉంది, వాసన గుమ్మం దాకా వస్తోంది. ఆయన భార్య మాకు మజ్జిగ ఇచ్చింది. ముందురోజే రాసుకున్న ఉపన్యాసం మొదలుపెట్టాను. పారదర్శకత అన్నాను, సమానత్వం అన్నాను, సంస్థ విలువలన్నాను. తాత మధ్యలో అడ్డురాకుండా అంతా విన్నాడు.

"బాగా చెప్పారండీ" అన్నాడు. "మరి మా చేపని గుమ్మం దాటనివ్వలేదు గదా, నన్నెందుకు రమ్మంటున్నారండీ?"

"చేప గురించి కాదండీ. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదని..."

మేట్రనమ్మగారు అప్పటికే కింద కూర్చుని లుంగీ ముక్క విప్పుతున్నారు. తలెత్తకుండానే అన్నారు. "బాబుగారు చేరిన రోజున, గూడెం నుంచి డాక్టరుగారింటికి ఉల్లిపాయల బస్తా వచ్చిందండీ. మంచి పాయలు. మాకూ తలో కిలో పంచారు."

"అది వేరండీ" అన్నాను. "అది మా కొట్లో సరుకు. మా నాన్నగారు అభిమానం కొద్దీ..."

చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"ఇదీ మా నీళ్ళల్లో సరుకేనండీ" అన్నాడు తాత.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే కాస్త తేలికపడేవాణ్ణి. అంతమందిలో ఆయన చెయ్యి పట్టి నడిపించి, ఆయనకు రాని అక్షరాలు చదివి వినిపించానే అని అప్పుడు గుర్తొచ్చింది. ఫైలు పక్కన పెట్టి "తప్పయిపోయిందండీ తాతగారూ. నామీద కోపంతో కాలు పోగొట్టుకోకండి" అన్నాను.

తాత కాలు వైపు చూసుకుని, నా వైపు చూసి "వస్తానండీ" అన్నాడు. "అయితే చేప కూడా వస్తుంది. మీరే పట్టుకురావాలి."

ఆయన భార్య పెరట్లో గాబులోంచి చేపని తీసి బిందెలో వేసింది. అలా నా జీవితంలో మొదటిసారి ఒక కొర్రమేనుని ఒళ్ళో పెట్టుకున్నాను. దోనెలో బుద్ధిగానే ఉంది. ఏలూరు పొలిమేరల్లోకొచ్చాక బస్సు గోతిలో పడటం, గుడ్డ ఊడటం, చేప ఎగిరి సీట్ల మధ్య పడటం ఒక్క క్షణంలో అయిపోయాయి. ఆడవాళ్ళు కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు. కండక్టరు విజిలు ఊది "ఎవరిదండీ ఈ చేప?" అన్నాడు.

లేచి నిలబడి "నాదేనండీ" అన్నాను. నా ఉద్యోగంలో అంత సూటిగా అంతకుముందెప్పుడూ జవాబు చెప్పి ఎరగను. మోకాళ్ళ మీద పాకాను. రెండుసార్లు జారిపోయింది. "తల దగ్గర పట్టుకోండి బాబుగారూ" అని మేట్రనమ్మగారు సీట్లోంచి కదలకుండా సలహా ఇస్తున్నారు. చివరికి టై విప్పి దానికి చుట్టి పట్టుకున్నాను. తాత కాలి బాధ మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆసుపత్రిలో తాతని నేరుగా డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్ళారు. డాక్టరుగారు గంటసేపు శుభ్రం చేసి బయటికొచ్చి "ఇంకో రెండ్రోజులైతే..." అని ఆపేసి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు. నేను ఆసుపత్రి వంటింట్లో కూలబడ్డాను. తొట్టిలో వేసిన చేప మళ్ళీ ఎగురుతోంది, మూత లేదు. మేట్రనమ్మగారు అటూ ఇటూ చూసి, రిసెప్షనుకెళ్ళి, నా ప్రాణంలాంటి బోర్డుని మేకు మీంచి తీసుకొచ్చి తొట్టి మీద పెట్టారు. పైన రోటి పొత్రం బరువు పెట్టారు. రాసిన వైపు కిందికి పెట్టారు, నాకు ఆమాత్రం మర్యాద చేశారు.

"ఇప్పుడు బావుందండీ" అన్నారు.

మర్నాడు ఊడ్చే అమ్మాయి దగ్గర్నుంచి పెద్ద డాక్టరుగారి దాకా, రోగుల తాలూకు మనుషులతో సహా, అందరూ ఒకే పంక్తిలో తలో గరిటె ఆ చేప పులుసు తిన్నారు. నేను చివర్న కూర్చుని పెరుగన్నంలో ఉల్లిపాయ నంజుకున్నాను. అప్పట్నుంచి అదే పద్ధతయింది. ఎవరేం తెచ్చినా వంటింటికే, ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళకూడదు. చేతులు చాపడాలు ఒక్కరోజులో ఆగలేదు గాని, నలుగురితో కలిసి తిన్న చోట ఒక్కళ్ళే చెయ్యి చాపడానికి మొహం చెల్లక మెల్లగా తగ్గాయి. తాత పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాత ఆయన తన రెండు కాళ్ళ మీదే, కుంటుకుంటూ, బిందెతో మెట్లెక్కేవాడు. నన్ను చూసి "బాబూ, పట్టుకుంటారా?" అని అడిగేవాడు. పట్టుకునేవాణ్ణి, తల దగ్గర.

ఇప్పుడు నా చేతికింద నాలుగు ఆసుపత్రులున్నాయి. సంస్థకు సంస్కృతి ఎలా నేర్పాలో చెప్పమని పెద్ద పెద్ద ఏసీ హాళ్ళకి పిలుస్తారు. బొమ్మలు చూపిస్తూ ఏదో చెబుతాను, వాళ్ళు రాసుకుంటారు. కొర్రమేను సంగతి మాత్రం ఎక్కడా చెప్పలేదు. ముందువరసలో టైలు కట్టుకున్న కుర్రాళ్ళని చూస్తే చెప్పబుద్ధి కాదు, పాపం. కాని ఇంటికొచ్చే దారిలో ఒక్కోసారి అనుకుంటాను, ఆనాటి బోర్డుల బాబే ఇప్పుడు నా ఎదురుగా ఇంటర్వ్యూకి కూర్చుంటే ఉద్యోగం ఇస్తానా అని. ఇస్తాను. బస్సునిండా జనంలో "నాదేనండీ" అనే మొండివాడు తేలిగ్గా దొరకడు. పెయింటరు ఫోన్ నంబరు మాత్రం ఇవ్వను. చేరే రోజున ఉల్లిపాయల బస్తా తెచ్చుకోమంటాను, డాక్టరుగారింటికి కాదు, వంటింటికి.