రిపోర్టులో లేని ఊరు

ఇప్పుడంటే నలుగురూ మాట్లాడాక గానీ నోరు విప్పను గానీ, డిగ్రీ అయి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో నా అంత తెలివైన మనిషి పల్నాడు మొత్తంలో లేదని నాకు గట్టి నమ్మకం. (ఈ నమ్మకం నాకొక్కదానికే ఉండేదని తర్వాత తెలిసింది.) నరసరావుపేటలో ఒక పాల డెయిరీ, చుట్టుపక్కల నలభై ఊళ్ళ నుంచి పాలు వచ్చేవి. కంప్యూటర్లో రిపోర్టులు తయారు చేయడం నా పని. మేనేజరు గారు ఎక్కడో చూసొచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి కొనిపించారు. షీట్లు దానికి అప్పగిస్తే రంగురంగుల పట్టికలు చేసి పెడుతుంది. మిగతావాళ్ళు దాని జోలికి పోలేదు. నేను మాత్రం రెండు వారాల్లో నేర్చేసుకుని, గోడ మీది టీవీకి తగిలించి, వచ్చినవాళ్ళకల్లా చూపించేదాన్ని. టీ ఇవ్వడానికొచ్చిన మనిషిని కూడా వదల్లేదు.

ఆ ఏడు వానలకు ముందు గేదెలకు గాలికుంటు జబ్బు రాకుండా టీకాలు వేయించే పని డెయిరీ నెత్తికెత్తుకుంది. గుంటూరు నుంచి పశువుల డాక్టరు గారితో ఒక వ్యాన్ వచ్చింది. ఏ ఊళ్ళో ఎన్ని గేదెలకు టీకా పడిందో రోజూ సాయంత్రానికి నాకు షీట్ అందేది. అందులో ఊరి పేరుండదు, నంబరే ఉంటుంది. అన్ని ఊళ్ళ పేర్లూ, నంబర్లూ, ఊరికి ఎన్ని గేదెలున్నాయో రాసిన జాబితా వేరే ఉంది. నేను టీకాల షీట్లో నంబరు తీసుకుని, జాబితాలో వెతికించి, పేరు తెచ్చి పక్కన పెట్టేదాన్ని. ఊరికి ఒక వరుస. టీకాలు బాగా తక్కువ పడితే ఎరుపు, సగం దాటితే పసుపు, దాదాపు అన్నిటికీ పడితే పచ్చ. ఎర్రగా ఉన్న ఊరికి వ్యాన్ మళ్ళీ వెళ్ళాలి. మూడు వారాలు తిరిగేసరికి టీవీ మొత్తం పచ్చబడింది. "చానా బాగా చేశావమ్మా! ఒక్క ఊరన్నా ఎర్రగా లేదు. రేపు మధ్యాహ్నం వ్యాన్‌ని గుంటూరు తిరిగి పంపించేద్దాం" అన్నారు మేనేజరు గారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సరిగ్గా అప్పుడే బుల్లెట్ పిన్ని లోపలికొచ్చింది. గురజాల దాటాక లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో పాల కేంద్రం నడిపే ఆవిడ. మాట తుపాకీ గుండులా వచ్చి తగులుతుందని ఆఫీసులో అందరం పెట్టుకున్న పేరది.

"ఏమే, మా ఊరి గేదెలకి సూదులు ఎప్పుడేస్తారు? పక్కూళ్ళో రెండిటికి నోట్లో పుళ్ళు లేచినయ్యంట. మా ఊళ్ళో ఇంటికి రెండన్నా ఉన్నయ్. ఆ జబ్బొస్తే ఇంకేం మిగలదు మాకు."

నేను టీవీని పైనుంచి కిందికి చూశాను. వాళ్ళ ఊరు లేదు. "మీ ఊరు రిపోర్టులో లేదు పిన్నీ. అంటే మీకేం ఇబ్బంది లేనట్టే" అన్నాను, ఎంతో ఓపిగ్గా.

"ఊరు లేదా? మరి పొద్దున్నే నేను ఏడనుంచొచ్చానే?"

"అది కాదు పిన్నీ. ఎర్రగా ఉన్న ఊళ్ళకే వ్యాన్ వెళ్తుంది. మీది ఎర్రగా లేదుగా."

"పచ్చగా ఉందా?"

"పచ్చగా కూడా లేదు."

"మరి ఏందే నువ్వు చెప్పేది?"

"సిస్టం అబద్ధం చెప్పదు పిన్నీ" అనేశాను. (ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.) పిన్ని నన్నూ టీవీనీ ఎగాదిగా చూసి, "మా గేదెలకేమన్నా అయితే ఆ టీవీ పాలిచ్చిద్దా?" అని కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్ళాను. అప్పుడు మేనత్త వాళ్ళింట్లో ఉండేదాన్ని. వాళ్ళ అమ్మాయికి ఓణీల ఫంక్షన్ దగ్గర పడింది, అత్త బొట్టు పెట్టి పిలవడానికి తిరుగుతోంది. నోటుపుస్తకంలో బజారు వారీగా, చుట్టాల వారీగా ప్రతి ఇంటి పేరూ ముందే రాసి పెట్టుకుంది. పిలిచొచ్చిన ఇంటి పక్కన పసుపు చుక్క. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఇంత రాత దేనికత్తా? పిలిచిన వాళ్ళ పేర్లు రాసుకుంటే సరిపోద్దిగా" అని సలహా పారేశాను.

"పిలిచినోళ్ళ పేర్లే రాసుకుంటే పిలవనోళ్ళు ఎట్టా కనపడతారే పిచ్చిమొహమా? మీ నాయన మేనమామ ఇల్లు మర్చిపోయామనుకో, ఆయన అలిగితే నువ్వెళ్ళి కాళ్ళు పట్టుకుంటావా?"

నేను నోట్లో పెట్టుకున్న జంతిక అలాగే ఆగిపోయింది. నా రిపోర్టులో ఉన్నవన్నీ వ్యాన్ వెళ్ళిన ఊళ్ళే. వెళ్ళని ఊరు టీకాల షీట్లోనే ఉండదు, ఇక వరుస ఎక్కడి నుంచి వస్తుంది? ఊళ్ళన్నీ ఉన్న జాబితాను నేను పేర్లు వెతకడానికే వాడాను తప్ప, వరుసలు దాన్నుంచి తేవాలన్న ఆలోచనే రాలేదు.

తెల్లారి ఆఫీసు తలుపు తీయించింది నేనే. వరుసలకు టీకాల షీట్ తీసేసి, ఊళ్ళ జాబితా పెట్టాను. టీకాల లెక్క లేని వరుసల్ని కూడా చూపించమని టిక్కు పెట్టాను. ఆరు ఊళ్ళు కొత్తగా పైకొచ్చాయి. ఖాళీగా, ఏ రంగూ లేకుండా! ఖాళీ ఉన్నచోట సున్నా వేయమన్నాను. ఆరూ భగ్గున ఎర్రబడ్డాయి. వాటిలో మూడోది పిన్ని వాళ్ళ ఊరు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మేనేజరు గారు రాగానే టీవీ చూసి ఆగిపోయారు. "నిన్న లేని ఎరుపు ఇయ్యాల ఏడ నుంచి వచ్చిందమ్మా?"

"నిన్న కూడా ఉందండీ. నేను చూపించలేదు" అన్నాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన ఫోన్ తీసి, "డాక్టరు గారూ, సామాను సర్దొద్దండీ. ఇంకో ఆరు ఊళ్ళున్నయ్" అన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా వ్యానెక్కు. టీవీలో కాదు, కళ్ళతో చూడు" అన్నారు.

మొదట పిన్ని వాళ్ళ ఊరే వెళ్ళాం. నాకు అప్పగించిన పని గేదె పలుపు పట్టుకోవడం. (పట్టుకున్నది నేనో గేదో చూసేవాళ్ళకు తెలియలేదంటారు.) పిన్ని ఊరందరినీ పోగేసి నన్ను ముందుకు నెట్టింది. "ఇదిగో, మన ఊరిని మాయం చేసింది ఈ పిల్లే. తప్పైందని చెప్పి వ్యాన్ తెచ్చింది కూడా ఈ పిల్లే. ముందు దీనికి మజ్జిగియ్యండి!"

పొద్దుగూకే లోపల ఊళ్ళో టీకా పడని గేదె ఒక్కటి మిగల్లేదు. ఆ వానాకాలం చుట్టుపక్కల చాలా ఊళ్ళలో జబ్బు తిరిగింది గానీ, ఆ ఆరు ఊళ్ళలో ఒక్క గేదె కూడా మేత మానలేదు. ఈ మాట నేను ఎక్కడైనా తలెత్తుకుని చెబుతాను.

తర్వాత చాలా రిపోర్టులు చేశాను, పెద్ద పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. కానీ ఆ రోజు తిరిగొచ్చాక, పేడ మరకల చేతులతోనే పిన్ని ఊరి లెక్క ఎక్కించి, ఎర్ర వరుస పచ్చబడుతుంటే ఫోన్లో తీసుకున్న ఫోటో ఒకటి నా దగ్గర ఉంది. టీవీ అద్దంలో నా మొహం కూడా పడింది. జుట్టంతా రేగిపోయి, ఊరిని తానే కట్టించినంత గొప్పగా నవ్వుతోంది ఆ పిల్ల. పిచ్చిమొహం! అంతగా నవ్వే రోజు నాకు మళ్ళీ రాలేదు.