నా పెళ్లికి ఏడాది గడువు

నా పెళ్లికి మా నాన్న ఏడాది గడువు పెట్టాడు. ఈ వైశాఖంలో తాంబూలాలు, వచ్చే వైశాఖంలో పెళ్లి. బరంపురం బజారులో మాది బట్టల కొట్టు. మా వర్తకుల ఇళ్లలో తొందరగా చేసిన పెళ్లిని అనుమానంగా చూసేవారు. నాకు పట్టుచీర, పెళ్లికొడుక్కి పట్టు పంచె, కండువా జోడు మగ్గం ఎక్కాలి. కొత్త బియ్యం పాతబడాలి. పర్లాకిమిడి నుంచి చత్రపురం దాకా ఉన్న బంధువుల ఇళ్లకు ఎవరో ఒకరు వెళ్లి బొట్టు పెట్టి పిలవాలి. "ఒక్కగానొక్క గుంట. ఊరంతా సూసేలాగ సెయ్యాల," అనేవాడు నాన్న.

పెళ్లికొడుకుది పొలసర. ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. తాంబూలాల రోజున తలుపు చాటు నుంచి చూశాను. ముక్కు పెద్దది. నవ్వు వస్తే నోటికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నాకు నచ్చాడు.

నచ్చనిది మా అమ్మ తమ్ముడికి. ఆయనది ఇచ్ఛాపురం పక్క పల్లె. వ్యవసాయం. నేను పుట్టినప్పుడే నన్ను ఆయనకిస్తామని మా అమ్మమ్మ అనేసిందట. చిన్నప్పుడు ఆ ఊరు వెళ్లినప్పుడు మొరాయించిన ఎద్దును ఆయన ములుగర్రతో కొట్టడం చూశాను. అది మోకాళ్ల మీద పడిపోయినా ఆపలేదు. కర్ర కంట్లో దిగింది. ఎద్దు అరుపు కన్నా, కొడుతున్నంతసేపూ ఆయన ఒక్క మాట కూడా అనకపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. తర్వాత ఆయన కట్టుకున్న మనిషి ముందుపళ్లు ఊడిపోయి పుట్టింటికి చేరింది, మళ్లీ వెళ్లలేదు. అప్పుడు మా అమ్మే నాన్నతో చెప్పింది, "ఆడు నా తమ్ముడే. కానీ నా కూతుర్ని ఆడికి ఇవ్వొద్దు."

తాంబూలాల కబురు తెలిసి ఆయన రైలు దిగి సరాసరి కొట్టుకు వచ్చాడు. బేరం చేస్తున్న ఆడవాళ్ల ముందే గజంబద్ద తీసి నాన్న మొహం మీద కొట్టాడు. పెదవి చీలి నెత్తురు తెల్లటి తాను మీద పడింది. గుమాస్తాలు పట్టుకుంటే విదిలించుకుని నవ్వాడు.

"ఏడాది ఉంది కదా బావా! ఏడాదిలో ఏటైనా అవుతాది."

నాన్న ఠాణాకు వెళ్లాడు. ఒరిస్సా కొత్త రాష్ట్రమై ఎన్నాళ్లో కాలేదు. అమ్మ పుట్టిల్లు మద్రాసు వైపు, మేము ఇటు వైపు మిగిలాం. జమేదారు ఒడియాలో నెమ్మదిగా చెప్పాడు: మనిషి ఇటు ఉన్నప్పుడు పట్టుకోవాలి, అటు వెళ్లిపోతే రాతకోతలు నడవాలి, దానికి కాలం పడుతుంది. మామయ్యకు ఆ సంగతి మాకన్నా ముందే తెలుసు.

దసరా వెళ్లాక పొలసర అబ్బాయి, రంగూన్ వెళ్తున్న వాళ్ల చిన్నాన్నను సాగనంపడానికి గోపాలపూర్ వచ్చాడు. స్టీమరు కదిలాక సైకిల్ మీద ఒక్కడే బరంపురం బయలుదేరాడు. మొగలి పొదల దగ్గర దారి సన్నబడే చోట నలుగురు సరుగుడు కర్రలతో అడ్డం వచ్చారు. కింద పడేసి కొట్టారు. ఎడమ భుజం ఎముక విరిగింది. ఒక చెవి తెగి వేలాడింది. మొగలి ముళ్లలోకి ఈడ్చి, "పెళ్లి మానుకో," అని చెప్పి పోయారు. చేపల బుట్టలతో వస్తున్న ఆడవాళ్లు ఆయన మూలుగు విని బండి ఎక్కించారు.

వాళ్ల అమ్మ సంబంధం వద్దంది. ఆయన మాత్రం చెయ్యి మెడకు కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నాతో మాట్లాడాలని అమ్మను అడిగాడు. అమ్మ గడప మీద కూర్చుంది. నేను లోపలి గదిలో నిలబడ్డాను. ఆయన చెవి దగ్గర కుట్లు ఇంకా నల్లగా ఉన్నాయి.

"నీకు బయమేస్తందా?" అన్నాడు.

"మీకు?"

"ఎవడి సేతిలోనైనా కర్ర కనబడితే సందులోకి తప్పుకుంటన్నాను. అయినా నేను మానుకోను. పెళ్లికి నీకేటి కావాల?"

"ఏటీ వద్దు. బేగి అయిపోతే సాలు."

"నాకూ అదే." నవ్వబోయి, చెయ్యి ఎత్తలేక ఆగిపోయాడు.

ఆ మాటే నాన్నతో అన్నాడు, ఈ నెలలోనే చేసేయమని. నాన్న ఒప్పుకోలేదు. "చీర ఇంకా సగమే నేసేరు బాబూ. ఆడికి బయపడి పెళ్లి ముందుకి జరిపేనంటే బజారులో నా మొహం ఎవడు సూస్తాడు?"

"నాకు చీర వద్దు నాన్నా," అన్నాను లోపలి నుంచి.

పొలసర అబ్బాయి వెళ్లేదాకా నాన్న ఆగాడు. తర్వాత వచ్చి చెంప మీద కొట్టాడు. అంతకు ముందెప్పుడూ ఆయన నా మీద చెయ్యి చేసుకోలేదు. "ఆడపిల్ల పెళ్లి తొందర సెప్పడమేటి!" సాయంత్రం దాకా చెవిలో హోరు తగ్గలేదు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టింది.

పనులు సాగుతూనే ఉన్నాయి. రోజుకొక వార్త కూడా. మా జట్కా గుర్రం కాలు ఎవరో నరికారు. దానికి వైద్యం లేదని ఇంటి ముందే చంపాల్సి వచ్చింది. నేను వీధిలోకి వెళ్లడం మానేశాను. ఎండబెట్టిన వడియాలు తియ్యడానికి డాబా ఎక్కినా ముందు నాలుగు వైపులా చూసేదాన్ని. పొలసరలో ఆయన్ను ఈలోపు చంపేస్తారేమోనని ప్రతి ఉదయం అనుకునేదాన్ని. పెళ్లి దగ్గరవుతున్నట్టు ఒక్కరోజూ అనిపించలేదు.

మాఘంలో, పెళ్లికి ఇంకా మూడు నెలలుండగా, మంచిరోజు చూసి పసుపు దంచడం మొదలుపెట్టారు. ముత్తయిదువులు పెరట్లో రోలు చుట్టూ చేరారు. రోకలికి పసుపు తాడు కట్టి అమ్మ మొదటి పోటు వేసింది. పొద్దు బాగా ఎక్కింది. నేను పీట మీద కూర్చుని ఉన్నాను.

పెరటి తలుపు తన్నిన చప్పుడైంది. మామయ్య, వెనక ఇద్దరు మనుషులు. అడ్డం వెళ్లిన నాన్నను ఒకడు కడుపులో తన్నాడు. నాన్న నూతి గట్టుకు తల కొట్టుకుని కూలబడ్డాడు. ఆడవాళ్లు కేకలు వేస్తూ గోడవైపు పరుగెత్తారు. మామయ్య నా జడ చేతికి చుట్టుకుని లాగాడు. పీట మీది నుంచి బోర్లా పడ్డాను. రాళ్ల మీద మోచేతులు, గడ్డం చెక్కుకుపోయాయి. ఆయన అప్పుడు కూడా ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ ఎద్దే గుర్తొచ్చింది.

"ఒరే, వదులు," అంది అమ్మ.

ఆయన వదల్లేదు.

అమ్మ రోకలి రెండు చేతులా ఎత్తి ఆయన కుడి మోచేతి మీద వేసింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు. జడ వదిలాడు. ఆశ్చర్యంగా అమ్మ వైపు చూశాడు. "అప్పా," అని అక్కను పిలిచాడు. అమ్మ అదే చోట మళ్లీ కొట్టింది. మూడోసారి ఎత్తేసరికి ఆయన నేల మీద ఉన్నాడు. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. వెంట వచ్చిన ఇద్దరూ పారిపోయారు. రోకలికి అంటుకున్న పసుపు మీద నెత్తురు పడి ఎర్రబారింది.

అమ్మ రోకలి గోడకు ఆనించి, తమ్ముడి దగ్గర కూర్చుని, రోట్లో పసుపే తీసి ఆ గాయానికి అద్దింది. ఆయన ఏడుస్తున్నాడు. అమ్మ కూడా. కట్టు కట్టేవాణ్ణి పిలిపించి, వెదురు బద్దలు కట్టించి వెనక గదిలో పడుకోబెట్టింది. అప్పుడు నాన్న దగ్గరికి వచ్చింది.

"ఆడి చెయ్యి అతుక్కునేలోపు నా కూతురు అత్తింట్లో ఉండాల. రేపే పెళ్లి."

తల మీద తడిగుడ్డ పెట్టుకున్న నాన్న ఆమెను చూసి, చీర మాట ఎత్తలేదు. పురోహితుడు వైశాఖానికి కదా ముహూర్తం అన్నాడు. "రేపు సూడండి," అంది అమ్మ. ఆయన పంచాంగం తిప్పి, రేపు ఒకటి ఉందన్నాడు.

ఆ రాత్రే గుమాస్తా చేత కబురు పంపితే, మరునాడు పొలసర నుంచి మొదటి బస్సుకు పెళ్లికొడుకూ, ఆయన అన్నగారూ వచ్చారు. వాళ్ల అమ్మ రాలేదు. నాన్న కొట్టులో తెల్లటి నూలు తాను నుంచి తానే గుడ్డ కోశాడు. అంచు వంకర పోయింది. అమ్మ దాన్ని పసుపు నీళ్లలో ముంచింది. తడి పూర్తిగా ఆరకముందే కట్టుకున్నాను.

"పెళ్లికూతుర్ని బుట్టలో మేనమామ తేవాల," అన్నాడు పురోహితుడు అలవాటు కొద్దీ. వెనక గదిలోంచి జ్వరపు మూలుగు వినిపించింది. నేను లేచి నడిచి వెళ్లి పీట మీద కూర్చున్నాను. పెళ్లికొడుక్కి ఒక చెయ్యి సరిగా లేవక, మూడో ముడికి వాళ్ల అన్న సాయం పట్టాడు. నా గడ్డం మీది గాయం నుంచి నెత్తురు కారి తాళిబొట్టు మీద పడింది. ఆయన తన కండువాతో తుడిచాడు. మధ్యాహ్నానికి పొలసర బస్సెక్కాం.

చాలా రోజులు మేమిద్దరం తలుపు చప్పుడైతే ఒకేసారి ఉలిక్కిపడేవాళ్లం. మా అత్తగారు మొదట నాతో మాట్లాడలేదు. పెద్దవాడు కడుపున పడ్డాక మాట్లాడింది. కట్టు విప్పాక మామయ్య తన ఊరు వెళ్లిపోయాడు. మా అమ్మ మళ్లీ పుట్టింటికి వెళ్లలేదు. ఎవరూ పిలవలేదు కూడా.

పెద్దవాడు బడికి వెళ్లే రోజుల్లో ఒక మధ్యాహ్నం మామయ్య పొలసర వచ్చాడు. కుడి చెయ్యి వంగని కర్రలా పక్కన వేలాడుతోంది. జుట్టు నెరిసింది. మా అరుగు కింద నిలబడ్డాడు. పిల్లవాణ్ణి లోపలికి తోసి గడియ పెట్టాను. మా ఆయన కొట్టులోంచి వచ్చి మామయ్య చేతిని చూశాడు. తర్వాత అరుగు మీద చాప వేశాడు.

"అన్నం పెట్టు," అన్నాడు నాతో.

పెట్టాను. ఆకు దూరం నుంచి జరిపాను. మామయ్య ఎడమ చేత్తో కలుపుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక అడిగాడు. "అప్ప ఎలాగుంది?"

"బాగుంది."

తల ఊపి ఎల్లొస్తానన్నాడు. వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మం వదల్లేదు.

ఆ నెలలో బరంపురం వెళ్లినప్పుడు అమ్మకు చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగలేదు.

"ఏటి వండేవు?"

"ఒంకాయ కూర, చారు."

"ఆడికి ఒంకాయ పడదు కదే," అంది. "ఒళ్లంతా దద్దుర్లెక్కుతాది."