పైకి చూసే చిలక

ఆకాశపక్షులను పోషించే తండ్రికి స్తోత్రం. ఆయన మేలు తలవకుండా ఏ సంగతీ మొదలుపెట్టకూడదని నేర్పింది మా నాయనమ్మే.

శనివారం సాయంత్రం చర్చి నేల కడిగిన ఫినాయిలు వాసన వస్తే చాలు, భట్టిప్రోలులో మా వసారా, దూలానికి వేలాడే పంజరం, కింద కోళ్ల గంప, జామపండు సగం తిని సగం కోళ్లకు రాల్చే మా చిలక గుర్తొస్తాయి.

అరవైల చివర. కోతలై, ఊరంతా కొత్తగడ్డి వాసన కమ్ముకుని, చర్చిలో కోతకాలపు పండుగకు ఇంటింటా గుమ్మడికాయో కోడో ఎంచి పెట్టుకునే రోజులు. నాన్నకు టైఫాయిడ్ తగ్గితే ఇస్తానని నాయనమ్మ మొక్కుకున్న ఎర్రపుంజు గంప కింద బలుస్తోంది. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో చిలక మెడ వెనక్కి తిప్పి పైకి చూస్తూ ఉండిపోయింది. దానికీ ప్రార్థన అబ్బిందని నాయనమ్మ పేటంతా పిలిచి చూపించింది. తెల్లారేసరికి అది రెక్కలు వణుకుతూ పంజరం అడుగున పడి ఉంది.

పంజరానికి తువ్వాలు చుట్టి తెనాలి రైలెక్కాం. నా జాతకం కూడా తీయించు మామ్మా అని ఎవరో వేళాకోళమాడితే, "మా చిలక స్తోత్రాలే చెబుద్ది నాయనా" అంది నాయనమ్మ.

పశువుల డాక్టరుగారు దాని మెడ పట్టి చూసి, పచ్చటి రెట్ట చూసి, ఇంట్లో కోళ్లేమైనా పోయాయా అని అడిగారు. రెండు పెట్టలు మంచుకి పోయాయనుకున్నామంది నాయనమ్మ.

"మంచు కాదమ్మా, కొక్కెర తెగులు. వైరస్. కోళ్ల నుంచి దీనికంటినట్టుంది, మెడ తిరిగింది అందుకే. మందు లేదు. వసారా ఫినాయిలుతో కడగండి. మీ కోడి ఒక్కటి కూడా గడప దాటకూడదు."

"పుంజు దేవుడిదండి. మాటిచ్చానండి."

"పండుగకి చర్చిలో ఊరి కోళ్లన్నీ ఒక్కచోటే కడతారు కదమ్మా."

తిరుగు రైల్లో ఆమె పంజరం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మొక్కుబడి తప్పినవాళ్ల గురించి బైబిలు వాక్యం ఏమంటుందో ఆమెకు కంఠతా వచ్చు.

పండుగనాడు అందరూ కాళ్లు కట్టిన కోళ్లతో వస్తుంటే, ఆమె ఉత్త చేతులతో బలిపీఠం ముందు నిలబడింది. "మా ఇంట్లో తెగులుంది. పుంజుని తేలేదు. ఈ మాటే నా కానుక." ముందుగా మా పక్కింటి పిన్ని తన పెట్టను చంకన పెట్టుకుని లేచి ఇంటికి నడిచింది. ఆమె వెనకే మా పేటవాళ్లు ఒక్కొక్కరూ లేచారు. ఆ ఏడు కానుకల వేలంలో గుమ్మడికాయల జోరే ఎక్కువ.

ఎర్రపుంజు దక్కలేదు. ఊరి కోళ్లు దక్కాయి. చిలక బతికింది గానీ మెడ అలాగే ఉండిపోయింది. ప్రార్థనలో దాన్ని చూసి మేం నవ్వితే నాయనమ్మ, "దానికి మెడ దిగదు, మీకు ఎత్తబుద్ధి కాదు" అనేది.

ఆ వసారా లేదు. పండుగనాడు చర్చిలో కోళ్ల అరుపులూ లేవు, కానుకలు కవర్లలో వస్తున్నాయి. చదివినవారు నాతోపాటు ఒక్క క్షణం పైకి చూడండి: ప్రభువా, నీకివ్వాలనుకున్నదాన్ని పొరుగువారి కోసం ఆపుకోవాల్సి వస్తే, ఆమెకిచ్చిన ధైర్యం మాకూ దయచేయి. ఆమేన్.